మడమలో లేని చుక్క

ఆ వేసవిలో మా వదిన సైటు బాగుచెయ్యడానికి పూనుకుంది. సైటు బాగుపడింది. ఇల్లు కుదుటపడటానికి మాత్రం వానలు పడేదాకా ఆగాల్సి వచ్చింది.

వదినంటే మా ఆయనకి అక్క. మేడమీద గదిలో ఉండేది. ఇంట్లో కూర్చునే ఎవరెవరివో కంపెనీల సర్వర్లు చూసిపెట్టేది. అది జీతం కోసం. సైటు సొంత పని. వీడియో గేములకి బొమ్మలు గీసేవాళ్ళు తాము గీసినవాటిని తెచ్చి అందులో పెడతారు. చెట్లు, ఇటుకలు, మబ్బులు, కత్తి పట్టుకున్న మనుషులు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ గేములో పెట్టి అమ్ముకోవచ్చు. షరతు ఒకటే, గీసినవాళ్ళ పేరు కింద రాయాలి. ఇచ్చినవాళ్ళకీ ఒక షరతు ఉంది. మనసు మారిందని రేపొచ్చి వెనక్కి అడగకూడదు.

సైటు పాతది. ‘చెట్టు’ అని వెతికితే చెప్పులు వచ్చేవి, చెప్పుల బొమ్మ గీసినాయన చెట్టు కింద కూర్చుని గీశానని రాసుకున్న పాపానికి. అంతకంటే పెద్ద జబ్బు ఇంకొకటి ఉంది. ఆ బొమ్మలు చాలా చిన్నవి. ఒక మనిషి అంటే ముప్ఫై రెండు చుక్కల ఎత్తు. ముక్కు ఒక చుక్క, కన్ను ఒక చుక్క. ప్రతి చుక్కా ఎక్కడ పెట్టాలో చూసి చూసి పెడతారు. సైటేమో ఆ బొమ్మని పెద్దది చేసి చూపించేటప్పుడు తడిగుడ్డతో తుడిచినట్టు అలికేసేది. నత్త అనే మారుపేరుతో గీసేవాడొకడు, సైటులో అందరూ మాట్లాడుకునే ఫోరంలో రాశాడు: “నా సైనికుడు మీ సైటులో ఇప్పుడే స్నానం చేసొచ్చినట్టున్నాడు. తల తుడిచి పంపగలరు.”

నేను పనిచేసేది గ్రంథాలయంలో. ఏ పుస్తకం ఏ అరలోకి వెళ్ళాలో తేల్చే పని. వేసవి మొదట్లో ఒకరోజు వదిన మెట్లు దిగి వచ్చి, పుస్తకాలు సర్దే చేత్తో బొమ్మలు సర్దలేవా అని అడిగింది. సరేనన్నాను. సైటుకి ఇద్దరు కాపలాదారులు ఉండాలని నియమం. ఒకరు వదిన. నత్త ఆ పని చేసి చేసి విసిగి, తాళాలు, అంటే పాస్‌వర్డులు, అప్పగించేసి ఉన్నాడు. ఆ తాళాలు నాకొచ్చాయి.

కాపలాదారు పని పెద్దదేం కాదు. ఎప్పుడైనా ఎవరైనా, ఇది నాది కాదు, పొరపాటున పెట్టాను, తీసెయ్యండి అని అర్జీ పెడతారు. ఇద్దరిలో ఒకరు చూసి ఒప్పుకుంటే బొమ్మ పోతుంది. ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోలేదో ఫోరంలో అందరూ చదివేలా రాయాలి. అంతే.

అలికెయ్యడం వదిన ముందు మాన్పించింది. పేర్లూ గుర్తులూ నేను సరిచేశాను. సాయంత్రం గ్రంథాలయం నుంచి వచ్చి మేడమీద కూర్చుంటే మళ్ళీ భోజనాలకే కిందికి దిగేదాన్ని. మూడో పని మిగిలింది. అసలు పని అదేనని వదిన అనేది.

ఆ సైటులో ఎవరూ శూన్యంలోంచి గీయరు. ఒకరు నిలబడ్డ మనిషిని గీస్తారు, ఇంకొకరు వాడికి టోపీ పెడతారు, మరొకరు ఆ టోపీవాణ్ణి గుర్రమెక్కిస్తారు. ప్రతి బొమ్మ కిందా ‘ఎవరి మీంచి’ అని ఒక గడి ఉంటుంది. అందులో పేరు రాస్తారు. వట్టి పేరు. దాన్ని పట్టుకుని ఎటూ వెళ్ళలేం. ఆ పేరు నొక్కితే అసలు బొమ్మ రావాలి, అసలు బొమ్మ నొక్కితే దాని మీంచి పుట్టినవన్నీ రావాలి. వదిన చెయ్యాలనుకున్నది అది. వంశవృక్షమన్నమాట, మనుషులకి కాకుండా బొమ్మలకి.

మా ఆయన తన కంపెనీ సంగతి ఎత్తింది ఇవన్నీ జరుగుతుండగానే. ఆయన ఒక గేముల కంపెనీలో బొమ్మలు గీసేవాడు. బొమ్మల విభాగానికి పెద్దగా ఉన్నాయన వెళ్ళిపోయి కుర్చీ ఖాళీగా ఉంది. అది తనకే వస్తుందని మా ఆయన గట్టిగా నమ్ముతున్నాడు.

భోజనాల దగ్గర, సైటు బాగుచెయ్యడానికి ఇంత అవస్థ ఎందుకు, మా కంపెనీ వాళ్ళు చేసిపెడతామంటున్నారు అన్నాడు. మనుషుల్ని ఇస్తారట, సర్వర్లు ఇస్తారట, కొత్త రూపం ఇస్తారట.

“ఊరికేనా?” అంది వదిన.

“ఊరికే.”

“ఊరికే ఇచ్చేది మా సైటొక్కటేరా. మిగతాది చెప్పు.”

పాత బొమ్మలు కొన్ని ఏరి పారెయ్యాలట. నాణ్యత కోసమట. ఏ బొమ్మలని వదిన అడిగితే నాలుగైదు చెప్పాడు. వాటి మధ్యలో, గొంతు మార్చకుండా, ‘నడిచే మనిషి’ అన్నాడు.

వదిన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన మా ఇద్దరి వైపూ చూడలేదు.

నడిచే మనిషిని గీసింది మా ఆయనే. పెళ్ళైన కొత్తలో, ఏ ఉద్యోగమూ లేని రోజుల్లో, ఒంటిగది ఇంట్లో. ముళ్ళపంది అనే మారుపేరుతో ఒకాయన నిలబడ్డ మనిషి బొమ్మ సైటులో పెట్టాడు. మా ఆయన వాణ్ణి నడిపించాలనుకున్నాడు. నడక అంటే ఎనిమిది బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి తిప్పితే మనిషి అడుగులు వేస్తాడు. అడుగు ఎలా పడుతుందో చూడాలని నాకు తన రబ్బరు బూట్లు తొడిగి వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించాడు. బూట్లు నాకు పెద్దవి. కాలు కొంచెం ఈడ్చాను. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి, అమ్మాయీ, నీళ్ళేమైనా ఇంట్లోకి వచ్చాయా అని అడిగింది. ఆ ఈడ్పు బొమ్మలోకి వెళ్ళింది.

బొమ్మలో ఇంకొకటి కూడా ఉంది. ముళ్ళపంది గీసిన మనిషికి ఎడమ బూటు మడమలో ఒక చుక్క లేదు. పెట్టడం మర్చిపోయాడు. మా ఆయన అది చూశాడు, సరిచెయ్యలేదు. సైటు వాళ్ళలో అదొక మర్యాద. ఎవరి బొమ్మ తీసుకున్నా వాళ్ళు చేసిన చిన్న తప్పుని అలాగే ఉంచుతారు. దిద్దితే, పెద్దవాళ్ళ మాటకి అడ్డొచ్చినట్టు ఉంటుందని వాళ్ళ లెక్క.

భోజనం ముగించి వదిన పైకి వెళ్ళింది. గిన్నెలు తోముతుంటే ఆయన నా వెనక వచ్చి నిలబడ్డాడు.

“నేను గీసింది. నా బొమ్మ. నేనే తీసేస్తానంటుంటే మీకేంటి?”

“ఇచ్చేశావు కదా.”

“అప్పుడు తెలీదు. ఇప్పుడు కొత్త గేములో హీరో వాడే. వాడు ఊరికే దొరుకుతాడని బయట తెలిస్తే కంపెనీ పరువేం కాను?”

“తీసెయ్యమని అర్జీలో ఏం రాస్తావు? మనసు మారిందంటే కుదరదు.”

“ఆఫీసు పనిగంటల్లో గీశాను, ఇచ్చే హక్కు నాకు లేదు అని రాయమన్నారు.”

“అప్పటికి నీకు ఆఫీసెక్కడిది?”

“ఆ సంగతి ఎవరికి తెలుసు?”

“నాకు.”

కుళాయి కట్టేశాను. ఆయన గొంతు తగ్గించాడు. అక్కకి చెప్పొద్దన్నాడు. రెండో తాళం నా దగ్గరుంది కాబట్టి నేనొక్కదాన్ని ఒప్పుకుంటే చాలన్నాడు. ఎన్నేళ్ళు ఇలా ఒకరి కింద గీస్తూ కూర్చోవాలన్నాడు. అది అబద్ధం కాదు. ఆయన కంటే వెనక వచ్చినవాళ్ళు ఆయన మీద పెద్దలయ్యారు. చూస్తాను అన్నాను. కుదరదని చెప్పకుండా ఆ మాట అన్నందుకు ఆ రాత్రి నా మీద నాకే కోపం వచ్చింది.

తర్వాతి ఆదివారం వదిన వంశవృక్షం తెరిచింది. పొద్దున్నే కేకేస్తే పైకి వెళ్ళాను. ముందు చెప్పుల బొమ్మ నొక్కి చూశాం. రెండు పిల్లలు. మబ్బు నొక్కాం. ఇరవై దాకా వచ్చాయి. తర్వాత వదిన నడిచే మనిషిని నొక్కింది.

పేజీ నిండింది. వదిన కిందికి జరిపింది, మళ్ళీ నిండింది. సంచి మోసే పోస్టుమాన్. పళ్ళెం పట్టుకున్న నర్సు. చేతికర్రతో ముసలమ్మ. అంతరిక్షంలో తిరిగేవాడు. రెండు కాళ్ళ మీద నడిచే ఎలుగుబంటి. రోడ్డు ఎలా దాటాలో పిల్లలకి నేర్పడానికి ఎవరో బడిపంతులు చేసుకున్న గేములో బడికెళ్ళే పాప. అందరూ కాలు కొంచెం ఈడ్చి నడుస్తున్నారు. ఎవరికీ ఎడమ మడమలో చుక్క లేదు. ఎలుగుబంటికి కూడా బూట్లు తొడిగి మరీ చుక్క వదిలేశారు.

“వీడొక్కణ్ణి పీకితే వీళ్ళందరూ తాతా తండ్రీ లేనివాళ్ళవుతారు,” అంది వదిన.

ఆయన అడిగింది అప్పుడు చెప్పాను. ఆవిడకి ముందే తెలుసు. ఇంట్లో గోడలు పల్చనివి. ఏం చేస్తావని అడగలేదు. కంపెనీ కొత్త గేము పోస్టరు అప్పటికే బయటికొచ్చింది. దాన్ని తెచ్చి పెద్దది చేసింది. హీరో కొండమీద నిలబడి ఉన్నాడు. రంగులు మార్చారు, జుట్టు మార్చారు. ఎడమ బూటు మడమలో చుక్క లేదు.

ఆ వారంలోనే కంపెనీ పెద్ద మా ఇంటికొచ్చాడు. ఎండలో వచ్చినా చొక్కా మడత నలగలేదు. వదిన ఆ తర్వాత ఆయన్ని ఇస్త్రీ చొక్కా అనేది తప్ప వేరే పేరుతో పిలవలేదు. మా ఆయన కుర్చీ తెచ్చి వేసి, తను నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా నీళ్ళు తాగి, ఇల్లు చల్లగా ఉందన్నాడు, సైటు గొప్ప సేవ అన్నాడు, ఇంత మంచి పనికి ఇంత పాత రూపం తగదన్నాడు. వదిన అన్నీ విని పోస్టరు మడమ చూపించింది.

“మావాళ్ళు కొత్తగా గీశారండీ. ఎక్కడో చిన్న పోలిక ఉండొచ్చు.”

“పోలిక మొహంలో ఉంటుంది. మడమ తెగ్గోసుకోవడంలో కూడా ఉంటుందా?”

ఆయన నవ్వాడు. పోనీ అదే అనుకుందాం, గీసింది మీ తమ్ముడే కదా, అతని భవిష్యత్తు గురించి అక్కగా మీరూ ఆలోచించాలి కదా అన్నాడు.

“వాడి భవిష్యత్తు వాడి చేతిలో ఉంటే ఆలోచించేదాన్ని. మీరు జేబులో పెట్టుకుని వచ్చారు.”

“అక్కా,” అన్నాడు మా ఆయన.

“నువ్వు కూర్చోరా ముందు. నీ ఇంట్లో నువ్వు నిలబడ్డావేంటి?”

ఆయన కూర్చోలేదు. ఇస్త్రీ చొక్కా నా వైపు తిరిగాడు. తాళం సంగతి ఆయనకి ఎవరు చెప్పారో వేరే చెప్పక్కర్లేదు. మీరు నిదానస్తులని విన్నానన్నాడు.

మీరు ఆ బొమ్మ వాడుకోవడానికి ఎవరూ అడ్డం రారని చెప్పాను. అమ్ముకున్నా అడ్డం రారు. ముళ్ళపంది పేరొకటి, మా ఆయన పేరొకటి, గేము చివర రెండు వరుసలు వేస్తే చాలు.

“అందులో ప్రతి బొమ్మా మా సొంతమని డబ్బు పెట్టేవాళ్ళకి మాటిచ్చామండీ.”

“మేమూ మాటిచ్చాం,” అన్నాను. “మీకంటే ముందు.”

ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. మా ఆయన గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు.

రెండ్రోజులాగి అర్జీ వచ్చింది. నేను గ్రంథాలయంలో ఉన్నాను. కొత్త పుస్తకాల కట్ట విప్పుతుంటే ఫోను మోగింది. చూస్తే మా ఆయన మారుపేరు. ‘నడిచే మనిషి’ని కంపెనీ పనిగంటల్లో గీశాను, ఇచ్చే హక్కు నాకు లేదు, పొరపాటున పెట్టాను, తొలగించగలరు. మాటలు ఆయనవి కావు. ఆయన జన్మలో ‘తొలగించగలరు’ అనలేదు.

వెంటనే వదిన ఫోను చేసింది.

“చూశావా అమ్మాయ్?”

“చూశాను.”

“నేను రాస్తాలే. కాదన్నది అక్కయితే వాడు నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకుంటాడు. నీకెందుకు కాపురంలో గొడవ?”

“ఆయన గీసినప్పుడు మీరు ఆ ఒంటిగదిలో లేరు వదినా.”

అవును లేను, అని ఆవిడ ఫోను పెట్టేసింది.

పుస్తకాల కట్ట పక్కకి జరిపి ఫోరంలో రాశాను. ఈ బొమ్మ గీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గీసినాయన నా భర్త. అప్పటికి ఆయన ఏ కంపెనీలోనూ పనిచెయ్యడం లేదు. అడుగు ఎలా పడుతుందో చూడటానికి రబ్బరు బూట్లు తొడుక్కుని నడిచింది నేను. ఆయన ఇచ్చే హక్కు ఉండే ఇచ్చాడు. అర్జీకి ఒప్పుకోవడం లేదు. కింద నా పేరు పెట్టి బటన్ నొక్కాను. కట్టలో మిగిలిన పుస్తకాలకి అరల నంబర్లు వేశాను. రెండింటికి తప్పు వేశానని మర్నాడు తెలిసింది.

ఇంటికి వెళ్ళేసరికి ఫోరం నిండిపోయి ఉంది. ఎన్నాళ్ళుగానో మాటామంతీ లేని నత్త వచ్చాడు. నేను గీసిన పోస్టుమాన్ కాలు ఎందుకు ఈడుస్తాడో ఇన్నేళ్ళకి తెలిసింది, బూట్లు సరైన సైజువి కొనిపెట్టమని ఆయనకి చెప్పండి అని రాశాడు. బడిపంతులు తన పిల్లలు గీసిన పాప బొమ్మలు పెట్టాడు. ముళ్ళపంది కూడా ఒక వాక్యం రాశాడు. మడమలో చుక్క మర్చిపోయినందుకు ఎలుగుబంటికి క్షమాపణలట.

మా ఆయన అవన్నీ చదివాడు. చదివినట్టు మాకు చెప్పలేదు. మా మధ్య మాటలు ఆగిపోయాయి. ఉప్పు అందుకోవాలన్నా వాళ్ళక్కని అడిగేవాడు, ఉప్పు నా ముందున్నా సరే. ఆవిడ నన్ను అడిగి తీసుకుని ఆయనకి ఇచ్చేది. కొన్నాళ్ళకి విసిగి, నేనేం ఉప్పు కంపెనీనా అని గిన్నె మధ్యలో పెట్టేసింది.

ఒక్కసారి మాత్రం బయటపడ్డాడు. బట్టలు ఆరేస్తుంటే పెరట్లోకి వచ్చాడు.

“ప్రపంచం ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు.”

“నేను అర్జీకి ఒప్పుకుని ఉంటే అయ్యేవాడివి. ఇప్పుడు అబద్ధం చెప్పబోయి ఆగినవాడివి.”

“ఆగలేదు. నువ్వు ఆపావు.”

“అయితే ఆపాను. ఇంకోసారి పెట్టినా ఆపుతాను.”

తాడు మీద తడి చొక్కా వేసి క్లిప్పు పెట్టాను. అది ఆయన చొక్కానే. ఆయన దానివైపు కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

కుర్చీ వేరొకరికి వెళ్ళింది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆయనకి వారం పట్టింది. మేమిద్దరం ఒక్క మాట కూడా అనలేదు. అనడానికి ఏముంది? ఆయన పోగొట్టుకున్నది నిజం, దానికి కారణం నేనన్నదీ నిజం. మళ్ళీ ఆ పరిస్థితి వస్తే అదే చేస్తానన్నది కూడా నిజమే. ఆ మూడూ మోసుకుంటూ అదే ఇంట్లో తిరిగాం.

మొదటి వాన పడిన రోజు ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. నాకు ఆ రోజు సెలవు. వదిన కిందే ఉంది, కిటికీలోంచి జల్లు పడుతుంటే తలుపులు వేస్తోంది. ఆయన తడిసిపోయి ఉన్నాడు. బల్ల మీద తన సంచి బోర్లించాడు. గీసే పెన్ను, దాని పలక, కప్పు, ఒక తువ్వాలు.

సైటు మీద కేసు వేస్తున్నారట. పనిగంటల్లో గీశానని ఈసారి కోర్టుకిచ్చే కాగితం మీద సంతకం పెట్టమన్నారట. పెడితే ఉద్యోగం ఉంటుంది.

“ఎవరెవరి మీద కేసు?” అంది వదిన.

“సైటు నడిపేవాళ్ళ మీద. నువ్వూ, తనూ.”

“నువ్వేమన్నావు?”

“పెన్ను రాయట్లేదన్నాను.”

“రాయలేదా?”

“రాసింది. వాళ్ళు ఇంకోటి ఇచ్చారు, అదీ రాసేదే.” ఆయన తువ్వాలు తీసుకుని తల తుడుచుకున్నాడు. “అన్నం ఉందా?” అని నన్ను అడిగాడు. ఉందన్నాను. పెట్టాను. తిన్నాడు. ఇంకొంచెం వెయ్యమన్నాడు.

నోటీసు వచ్చేసరికి వానలు జోరందుకున్నాయి. కవరు వదిన చింపింది. ముగ్గురి పేర్లూ ఉన్నాయి. బొమ్మ తీసెయ్యకపోతే చట్టప్రకారం చర్యలు తప్పవని, పదిహేను రోజులు గడువని రాసి ఉంది.

“నీ పేరు చివర పెట్టార్రా,” అంది వదిన.

“నిన్నటిదాకా వాళ్ళ మనిషిని. మొహమాటపడి ఉంటారు.”

నాకు తెలిసిన లాయరొకాయన గ్రంథాలయానికి వస్తాడు, అడుగుతానన్నాను. అడుగు, కానీ జవాబు మన మాటల్లోనే పోవాలి అంది వదిన. తర్వాత మేం రాసింది లాయరు చదివి, ఒక్క మాట మార్చమని, అది మేం మార్చకపోయినా ఫర్వాలేదని చెప్పాడు. ఆ జవాబు ముగ్గురం మేడమీద కూర్చుని రాశాం. ఆయన చెప్పాడు, నేను టైపు చేశాను, వదిన నా చెయ్యి పట్టుకుని మధ్యమధ్య ఆపింది. ‘దయచేసి’ అన్నది రెండుసార్లు వస్తే రెండూ కొట్టేయించింది. చివరికి మిగిలింది ఇంత: బొమ్మ తియ్యం. అది అందరిదీ, కాబట్టి మీదీ. వాడుకోండి, అమ్ముకోండి. గీసినవాళ్ళ పేర్లు వెయ్యండి. వెయ్యకపోతే కోర్టులో కలుద్దాం, వంశవృక్షం అక్కడికి తీసుకొస్తాం.

కింద మూడు పేర్లు రాశాం. ఈసారి ఆయన తన పేరు ముందు పెట్టమన్నాడు.

పంపేముందు ఇంకోసారి చదువుతానని వదిన కళ్ళజోడు కోసం గదంతా వెతకడం మొదలుపెట్టింది. మంచం కింద చూసింది, కిటికీలో చూసింది. అది దొరికి ఆవిడ వచ్చేసరికి మా ఆయన కీబోర్డు తన వైపు లాక్కుని పంపేశాడు.